అంచుదాకా పోసిన టీ

"బాగుంది నాయనా. కానీ మధ్యలో అలా ఆగకు."

ఇల్యోస్ డ్రమ్స్ మీద కర్రలు ఆపి తలెత్తాడు.

తాష్కెంట్ పాతబస్తీ టీకొట్టు పెరట్లో, పక్క బల్ల మీద ఎవరో ముసలాయన. నెత్తిన వెలిసిపోయిన టోపీ.

"ఆగాలి తాతా. తుల్కిన్ ఉస్తాద్ అక్కడే ఆగారు."

ఆ పేరు తెలియనివాళ్లు ఆ ఊళ్లో లేరు. పెళ్లి డప్పు దరువును జాజ్ డ్రమ్స్ మీదికి ఎక్కించిన మొనగాడు. ఆయన రికార్డు కోసం జనం దుకాణాల ముందు బారులు తీరేవారు. తర్వాత దేశం ముక్కలైంది, బృందం తలో దిక్కూ పోయింది. ఆయన రష్యాలో ఎక్కడో కన్నుమూశాడని కబురొచ్చింది.

ఈ సాయంత్రం ఇక్కడే ఆయన సంస్మరణ కచేరీ. వాయించేది ఇల్యోస్.

ఆ రికార్డే అతని గురువు. దాని అట్ట మీది జులపాల జుట్టు, నల్లకళ్లద్దాలు తప్ప ఉస్తాద్ ముఖం ఎరగడు. చప్పట్లకు కొదవ లేదు గానీ, సరిగ్గా వాయిస్తున్నావని చెప్పగల మనిషే లేడు. ఆ ఒంటరితనం అతన్ని లోలోపల తినేస్తోంది.

ముసలాయనకు టీ పోశాడు, అక్కడి మర్యాద ప్రకారం, కప్పు అడుగున కాస్తే.

"ఊరికి కొత్తా తాతా?"

"పాతే. పాతవాళ్లు కనిపిస్తారేమోనని వచ్చాను. ఏ తలుపు తట్టినా కొత్త ముఖమే." ఆయన ఓ గుక్క తాగాడు. "అక్కడ ఆగడం గొప్పేం కాదు నాయనా. ఆ రోజు చేతిలో కర్ర జారింది. వంగి తీసుకునేసరికి ఒక దెబ్బ పోయింది. దాన్నే మీరంతా నెత్తిన పెట్టుకున్నారు."

ఇల్యోస్‌కు ఒళ్లు మండింది. ఆ ఒక్క ఖాళీ కోసం అతను ఏళ్లు ధారపోశాడు.

"పోయినాయన మీద నిందలెయ్యడం తేలికే."

"నిందేముంది? మనిషన్నాక చెయ్యి జారదా?"

ఇల్యోస్ కూజా ఎత్తి ఆయన కప్పు అంచుదాకా నింపాడు. నోరు తెరవకుండా 'ఇక దయచెయ్యి' అనడం అక్కడ అలాగే.

ముసలాయన కప్పుకేసి కాసేపు చూశాడు. ఒలక్కుండా ఎత్తి, చివరి చుక్కదాకా తాగి లేచాడు.

"సాయంత్రం నన్ను లోపలికి రానిస్తారా?"

"టికెట్లు అయిపోయాయి."

"పోనీలే. జనం ఇంకా వస్తున్నారన్నమాట." గుమ్మం దగ్గర ఆగాడు. "మిగతాదంతా సరిగ్గా వాయిస్తున్నావు."

కాసేపటికి మునవ్వర్ ఆపా వచ్చింది. ఆ రోజుల్లో ఉస్తాద్ రికార్డు తయారుచేసింది ఆవిడే. ఇవాళ ముఖ్య అతిథి.

"చూశావా ఆపా, ఉస్తాద్ చేతిలో కర్ర జారిందట! ఎవడో దారినపోయే ముసలాయన కూశాడు. నిండు కప్పు పోసి పంపించాను."

కూర్చోబోతున్న ఆవిడ అలాగే నిలబడిపోయింది.

"ఎటు వెళ్లాడు?"

"ఏమో. ఎందుకు?"

ఆవిడ ఖాళీ కప్పును రెండు చేతుల్లోకి తీసుకుంది. అదింకా వెచ్చగానే ఉంది.

"డ్రమ్స్ విడిగా రికార్డు చేశాం, ఇల్యోస్. గదిలో మేమిద్దరమే. కర్ర జారిన సంగతి చచ్చినా బయటపెట్టనని తుల్కిన్‌కు ఒట్టేశాను, ఇవాళ్టిదాకా ఎవరికీ చెప్పలేదు."