ఎదురింటికి వినపడాల

“శబ్దం ఎంత దూరం పోతాది?” అని అడిగాడు నాగప్ప.

ప్రొద్దుటూరులో కమాల్ బాషా కొట్టు అది. బాషా పాత టేపురికార్డర్లు, టీవీలు బాగుచేసి అమ్ముతాడు. ఆ రోజు అతని బల్ల మీద ఒక సీడీ ప్లేయర్ ఉంది. జపాన్‌ది. కువైట్ మీదుగా వచ్చింది. బంగారు రంగు ముఖం, పదిహేను కిలోల బరువు. మీట నొక్కితే సీడీ పెట్టే పళ్లెం చప్పుడు లేకుండా ముందుకొచ్చి, మర్యాదగా నిలబడుతుంది. దానికి తోడు ఒక ఆంప్లిఫయరు, నిలువెత్తు స్పీకర్లు రెండు. సెకండ్ హ్యాండే గానీ ఒక్క గీత లేదు.

“దూరం కాదన్నా, నాణ్యం చూడు,” అన్నాడు బాషా. “నాదస్వరం వాయించేటాయన మధ్యలో ఊపిరి పీల్చుకునేది గూడా వినపడతాది.”

“ఊపిరి నాకెందుకప్పా! ఎదురింటికి వినపడాల.”

“ఎదురింటికా?”

బాషా ఇంకేదో అనబోయి మింగేశాడు.

ఎదురిల్లు వీరన్నది. జమ్మలమడుగు నుంచి మైలవరం పోయే దారిలో ఉంది వాళ్ల ఊరు. ఒకే వీధి, రెండు పార్టీలు. నాగప్ప ఇంటి మీద ఒక జెండా ఎగిరితే, వీరన్న ఇంటి మీద దానికంటే మూరెడు ఎత్తున ఇంకో జెండా ఎగిరేది. ఇరవై ఏళ్లలో కేసులు, వాయిదాలు, జైళ్లు అన్నీ అయిపోయాయి. ఎన్నికలు దగ్గరపడ్డాయని పోలీసులు ఇద్దర్నీ కూర్చోబెట్టి, ఒక కాగితం మీద సంతకాలు పెట్టించారు. కత్తి పట్టకూడదు. రాయి వేయకూడదు. వీధిలో నిలబడి తిట్టుకోకూడదు.

పాట పెట్టకూడదని మాత్రం ఆ కాగితంలో ఎక్కడా లేదు. నాగప్ప దాన్ని మూడుసార్లు చదివించుకుని, నలుగురు మనుషులతో జీపెక్కి ప్రొద్దుటూరు వచ్చాడు.

“ఎవురిదిది?” అని అడిగాడు.

“పేరు చెప్పొద్దన్నాడన్నా. పెద్దింటాయన. పాణంగా చూసుకున్నాడు.”

“మరి ఎందుకమ్ముతాండాడు?”

“వినేదానికి కుదరడం ల్యాదంట.”

పెద్దింటివాళ్లకి తీరికెక్కడిది అనుకున్నాడు నాగప్ప. బేరం కూడా ఆడలేదు. ప్లేయర్‌లో పాతాయన మరిచిపోయిన నాదస్వరం సీడీ ఒకటుంటే బాషా దాన్ని ఊరికే ఇచ్చేశాడు. దుమ్ము పడనీవద్దని, ఎండ తగలనీవద్దని, కొత్త కోడల్ని పంపినట్టు నూరు జాగ్రత్తలు చెప్పి జీపెక్కించాడు.

మరునాడు తెల్లవారుతూనే నాగప్ప ఆ బంగారు రంగు పెట్టెను వీధి అరుగు మీద పెట్టించాడు. స్పీకర్లు రెండింటినీ వీరన్న ఇంటివైపు తిప్పాడు. శబ్దం పెంచే మీట చివరిదాకా తిప్పాడు.

నాదస్వరం లేచింది. కరెంటు తీగల మీద కాకులు లేచాయి. ఎదురింటి కిటికీలు టపటపా మూసుకున్నాయి. నాగప్ప మీసం దువ్వుకున్నాడు.

అప్పుడే వీరన్న బయటికొచ్చాడు. తన అరుగు మీద కూర్చున్నాడు. నాగప్ప పెట్టెను ఒకసారి పైనుంచి కిందిదాకా చూశాడు. చిన్నగా నవ్వాడు. పేపరు తెరిచాడు.

ఆ నవ్వు నాగప్పకి కత్తిపోటు కంటే ఎక్కువైంది.

“మొండోడురా. లోపల ఉడుకుతాంటాడు, పైకి కనపడనీడు,” అన్నాడు తన మనుషులతో. “కాళ్లబేరానికి వచ్చేదాకా ఆపొద్దండి.”

మూడోరోజుకి పక్క ఊళ్లవాళ్లు నాగప్ప ఇంట్లో పెండ్లనుకున్నారు. ఆ ఇంట్లో పెండ్లీడు పిల్లలు లేరు కాబట్టి, నాగప్పే రెండోది చేసుకుంటున్నాడని తేల్చేశారు. ఒకాయన స్టీలు బిందె కూడా తెచ్చి చదివించాడు. నాగప్ప భార్య రామేశ్వరమ్మ ఆ బిందె అందుకుని, అందులోనే నాలుగు చీరలు కుక్కింది.

“పులివెందులకు మాయమ్మకాడికి పోతాండా. తాళి కట్టే దినం చెప్పంపు, వచ్చి అక్షింతలు ఏసిపోతా.”

“ఒసే, పెండ్లి ల్యా, గిండ్లి ల్యా!”

“ఏందీ?”

నాదస్వరంలో ఆ మాట వినపడలేదు. ఆమె బస్సెక్కేసింది.

ఆరోరోజు బర్రెలు పాలు ఎగ్గొట్టాయి. నాగప్ప మనుషులు చెవుల్లో దూది పెట్టుకున్నారు. నీళ్లు తెమ్మంటే నిచ్చెన తెచ్చారు. జీపు తీయమంటే చీపురు తీశారు. పెట్టె ఆపినా నాగప్ప తలలో డోలు ఆగడం లేదు. ముద్ద నోట్లో పెట్టుకుంటే తాళానికి తగ్గట్టు నమలాల్సి వస్తోంది.

ఎదురుగా మాత్రం పొద్దున్నే అదే అరుగు. అదే పేపరు. అదే నవ్వు.

పదోరోజు నాగప్ప ప్రొద్దుటూరుకి మనిషిని పంపి కమాల్ బాషాని పిలిపించాడు. పెట్టె ఆపాడు. వీధి ఒక్కసారిగా ఊపిరి పీల్చుకుంది.

“ఏం మాల్ అంటగట్టినావు బాషా నాకు?” అని గొంతు చించుకున్నాడు. ఈ పది రోజుల్లో అతనికి మామూలుగా మాట్లాడే అలవాటు పోయింది. “పది దినాలుగా మోగిస్తాండా! పెండ్లాం పాయ, పాడి పాయ. ఆ ఎదురింటోడు రెప్ప గూడా ఆర్పల్యా! దీంట్లో సత్తా ల్యా. డొక్కు మాల్ ఇది!”

కమాల్ బాషా తనను ఎంత మాటన్నా పడతాడు. సరుకుని అంటే పడడు. ఎవరికీ చెప్పనని పాతాయనకి ఇచ్చిన మాట కూడా ఆ రోషంలో మరిచిపోయాడు.

“మాల్‌ని ఏమనొద్దు నాగప్పన్నా,” అన్నాడు దగ్గరికి జరిగి. “పోయినేడు నీమీద ఏసేదానికి చుట్టిన బాంబు ఊరిబయట తోటలోనే పేలి రెండు చెవులూ పోయినాక, ఇంగ నాకెందుకిది అని ఈ పెట్టెను నాచేత అమ్మించింది ఆ వీరన్నే!”