ఇవాన్‌కి గొంతు కావాలి

భీమశంకర్‌లో వంక పెట్టడానికి ఒక్కటే ఉంది. ఆయన ఏనాడూ తప్పు చేయడు.

కిందటి మాఘమాసంలో, దూరపు బంధువులమ్మాయి పెళ్ళికని రుక్మిణిని స్కూటరెక్కించి బారిడీహ్ తీసుకెళ్ళాడు. ఇద్దరూ పూరీలు తింటుండగా పెళ్ళికొడుకు మొహానికి పూల తెర కట్టుకుని గుర్రం మీద దిగాడు.

"మన తెలుగువాళ్ళలో గుర్రాలు లేవు కదండీ" అంది రుక్మిణి.

"ఈమధ్య మొదలెట్టారు" అన్నాడు భీమశంకర్, ఇంకో పూరీ పళ్ళెంలో వేయించుకుంటూ.

బయటికొచ్చాక హాలు బోర్డు మీద ఎవరో హిందీవాళ్ళ పేర్లు చదివి, శుభలేఖ అచ్చువేసినవాడికి బుద్ధి లేదని తేల్చాడు.

ఇలాంటివి రుక్మిణి నవ్వి వదిలేస్తుంది. వదలనిది ఒకటుంది. ఇరవై ఒక్కేళ్ళ కిందట గోవింద్‌పూర్‌లో ఒక స్కూలువాళ్ళు ఆమెని డ్రాయింగ్ టీచరుగా రమ్మని ఇంటికి ఫోన్ చేశారు. ఎత్తింది భీమశంకర్. "ఆవిడకి కుదరదండీ" అని పెట్టేశాడు. సాయంత్రం టీ తాగుతూ, పేపర్లో వార్త చదివినట్టు ఆ సంగతి ఆమెకి చెప్పాడు. అప్పట్నుంచీ ఆయన నోట ఒక్క మాట వినాలని రుక్మిణి కోరిక. 'తప్పు నాదే' అని. ఫ్రిజ్ వచ్చింది, వాషింగ్ మెషీన్ వచ్చింది. ఆ మాట మాత్రం రాలేదు.

ఇప్పుడు కూతురు సాహిత్య వాడుకుని పక్కన పడేసిన లాప్‌టాప్ మీద రుక్మిణి బొమ్మలు గీస్తోంది. రష్యాకి డాక్టరు చదువులకెళ్ళే పిల్లలకి విశాఖపట్నం నుంచి పద్మశ్రీ అనే ఆవిడ ఆన్‌లైన్‌లో రష్యన్ నేర్పుతుంది. ఆ పాఠాలకి కదిలే బొమ్మలు రుక్మిణివి. పాఠానికో నిమిషం. ఇవాన్ అనే గుండ్రటి తలకాయ మనిషి, వాడి పెళ్ళాం మాషా, ఒక పిల్లి. ఇవాన్ తలుపు తీస్తాడు, టీ తాగుతాడు, టోపీ పారేసుకుంటాడు. వాడి నోటికి ఆరు ఆకారాలు గీసిపెట్టుకుంది. మాటని బట్టి ఒకటి తీసి ఒకటి పెట్టడమే.

భీమశంకర్ అటువైపు చూడనే చూడడు. చూడకుండానే అన్నీ కనిపెడతాడు.

"నీ ఇవాన్‌కి మోకాళ్ళు లేవేటి?"

"చలికి బిగుసుకుపోయాయి."

"ఐదో పాఠంలో పిల్లికి కాసేపు తోక లేదు."

"మీరెప్పుడు చూశారు?"

"మంచినీళ్ళకి వెళ్తుంటే కంటబడింది. పనిగట్టుకుని చూడాలా ఏటి?"

మే నెలలో పద్మశ్రీ ఫోన్ చేసింది. ఇవాన్‌కి గొంతిచ్చే ఆయనకి జలుబు చేసి గొంతు పూడుకుపోయిందట.

"ఇరవై మూడో పాఠానికి మగ గొంతు దొరుకుతుందా రుక్మిణిగారూ? చిన్న ముక్కే. ఇవాన్ మాషాకి క్షమాపణ చెప్పాలి. 'తప్పు నాదే, నన్ను క్షమించు.' అంతే."

"మా ఇంట్లోనే ఉందండీ. ఆ ముక్కకి ఇంతవరకూ వాడని గొంతు" అంది రుక్మిణి.

ఆ రష్యన్ ముక్కని తెలుగు అక్షరాల్లో కాగితం మీద రాసి భీమశంకర్ చేతికిచ్చింది. ఆయన కళ్ళజోడు సర్దుకున్నాడు.

"యా బిల్ నెప్రావ్. ప్రస్తీ మిన్యా. ఏటిది, మాటా, దగ్గా?"

"రైలు వెళ్ళిపోయిందా అని అడగడం."

ఆయన కాగితం వైపు కాసేపు చూశాడు. "ఠీక్ హై" అన్నాడు.

ఇంత సులువుగా ఒప్పుకుంటాడని రుక్మిణి అనుకోలేదు. పదిమందీ తన గొంతు వింటారని మురిసిపోతున్నాడనుకుంది.

మధ్యాహ్నం పన్నెండు. చప్పుడు రాకుండా కిటికీలు మూసింది. ఫ్యాన్ ఆపింది. గొంతు గదిలో మోగకుండా భీమశంకర్‌ని మంచం మీద కూర్చోబెట్టి, నెత్తిన రజాయి కప్పి, లోపలికి ఫోన్ అందించింది.

"యా బిల్ నెప్రావ్. ప్రస్తీ మిన్యా" అంది రజాయి.

మొదటిసారే బ్రహ్మాండంగా వచ్చింది.

"బాలేదండీ. ఇంకాస్త బాధగా."

"రైలు గురించి బాధ దేనికి?"

"వెళ్ళిపోయింది కదా."

రెండోసారికి రజాయి కిందనుంచి కాగితం బయటికొచ్చింది. "ఇదక్కర్లేదు" అన్నాడు. ఇంజనీరు బుర్ర, ఒక్కసారి చదివితే చాలు అనుకుంది రుక్మిణి. మూడోసారి వీధిలో ఆటో శబ్దం పడిందంది. నాలుగోసారి పక్కింటి కుక్కర్ కూసిందంది. ఆ వేళ వీధిలో ఆటో లేదు. పక్కింటివాళ్ళు ఊళ్ళోనే లేరు.

"ఎవరికో చెప్తున్నట్టుంది. మాషా వైపు తిరిగి చెప్పాలి."

"మాషా ఏ పక్కనుంది?"

"నేనున్నానుగా. ఇటు తిరగండి."

రజాయి ఇటు తిరిగింది. ఈసారి మాట బాగా నెమ్మదిగా వచ్చింది. రైలు తప్పిపోయినవాడు ఇంత మెల్లగా అడిగితే స్టేషన్లో ఎవరికి వినబడుతుందని రుక్మిణి నవ్వాపుకుంది.

గుమ్మంలో సాహిత్య నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నిలబడింది. "మమ్మీ, అబ్ బస్ కరో, ఇక చాలు. పాపా ఉడికిపోతున్నారు."

"కళ కదమ్మా, కష్టపడాలి. ఏమండీ, ఫిర్ సే, ఇంకోసారి."

"సరే" అంది రజాయి.

ఏడాదికొకటి చొప్పున ఇరవై ఒక్కసార్లు చెప్పిద్దామనే రుక్మిణి ఉద్దేశం. ఆయన షిఫ్టుకి వేళయింది కాబట్టి పన్నెండుతో సరిపెట్టుకుంది.

భీమశంకర్ రజాయి తీశాడు. చొక్కా పిండితే బక్కెట్టు నిండేలా ఉంది. ఒక్క విసుగు మాటా అనలేదు. రుక్మిణి ఫ్యాన్ వేసి, గెలిచినవాళ్ళకుండే దయతో మజ్జిగ గ్లాసు అందించింది.

"ఇవాన్ బాగా చెప్పాడు. రష్యాలో రైళ్ళన్నీ ఆగిపోతాయి" అంది.

భీమశంకర్ మజ్జిగ పూర్తిగా తాగాడు. గ్లాసు కింద పెట్టి, ఆమె మొహంలోకి చూశాడు.

"మొదటి పాఠం నుంచీ నీ ఇవాన్ దగ్గరే రష్యన్ నేర్చుకుంటున్నాను రుక్మిణీ, ఇందులో రైలెక్కడా లేదు, తప్పు నాదే."