అద్దానికి ఇవతల

“సూది ఏస్తారా?” అని వసంతమ్మ మూడోసారి అడిగింది.

“లేదవ్వా. సూదీ లేదు, మందూ లేదు. కదలకుండా పడుకుంటే చాలు,” అంది డాక్టర్ శాలిని.

కుప్పం ఆసుపత్రిలో స్కానింగు గది ముందు, అత్త పక్కనే బెంచీ మీద కూర్చుని ఉంది హరిత. పుంగనూరు దగ్గర పల్లెలో తెల్లారకముందే లేచి, రెండు బస్సులు మారి వచ్చేసరికి ఇద్దరికీ నడుములు పట్టేశాయి. మొగుడు మునిచంద్రకు మదనపల్లె టమోటా మార్కెట్లో ఊపిరి సలపని రోజులివి. అత్తను తీసుకురావడం హరిత వంతే అయింది.

“మెదడులో సన్నటి దారులుంటాయవ్వా. మనం నిద్రపోతే వాటిలో నీళ్లు పారి చెత్తంతా కడిగేస్తాయి. ఆ పారుదల తగ్గితే మరుపు వస్తుందేమోనని మా అనుమానం. ఇదివరకు అది చూడాలంటే లోపలికి మందు ఎక్కించేవాళ్లు. ఇప్పుడు ఉత్త ఫొటోలతోనే చూస్తున్నాం.”

“మా టమోటా తోటలో డ్రిప్పు పైపుకు ఉప్పు పట్టినట్ల! కొస మూత ఇప్పితే మురికంతా పోతాది,” అంది వసంతమ్మ. అంతలోనే అనుమానంగా చూసి, “అయితే, నా మనసులో ఉండేది గూడా కనపడతాదా?”

“అయ్యో, లేదవ్వా! నీళ్లు పారేదొక్కటే కనపడుతుంది.”

వసంతమ్మ తేలిగ్గా ఊపిరి వదిలి కొంగు సర్దుకుంది.

ఈ పద్దెనిమిదేళ్లలో ఆమె నోట ఒక్క మంచి మాట విన్న పాపాన పోలేదు హరిత. సంగటి గట్టిగా ఉందనో, చారు పల్చగా ఉందనో ఏదో ఒకటి ఉండేది. నిరుడు కళ్లంలో జారిపడి అత్త కాలు విరిగితే, మూడు నెలలు మంచం మీదే అన్నీ చేసింది హరితే. “నీళ్లు సల్లగుండాయి” అన్నదే అప్పుడు దక్కిన బహుమానం. తీరా లేచి నడవడం మొదలుపెట్టిన వారానికి, కాఫీ ఇచ్చిన హరిత మొహంలోకి చూసి, “నువ్వెవరమ్మా? నర్సమ్మవా?” అనేసింది మహాతల్లి.

“మా కోడలు యాడికి పోయిందో ఏమో. కన్నకూతురు గూడా అంత సెయ్యదు నర్సమ్మా. నోరు తెరిచి ఒక్కసారన్నా దానికి సెప్పలేకపోయినా. నువ్వన్నా సెప్పు.”

ఆ రోజు హరిత వంటింట్లోకి పోయి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అప్పటి నుంచి రోజుకో పొగడ్త. పక్కింటి ఇందిరమ్మ ఎప్పుడో పట్టుకుపోయిన జల్లెడ మాత్రం వసంతమ్మకు భేషుగ్గా గుర్తుంది. మరుపు రకరకాలుగా ఉంటుందిలే అని ఊళ్లోవాళ్లు సర్దిచెప్పారు. ఆశా వర్కరే కుప్పంలో మరుపు మీద జరిగే ఈ పరిశోధన సంగతి చెప్పి పంపించింది.

“నయమవుతుందా మేడమ్?” అని హరిత మెల్లగా అడిగింది.

“ఇప్పుడే కాదమ్మా. అడ్డం ఎక్కడ పడిందో తెలిస్తే, రేపు మందు దొరకొచ్చు.”

నయమైతే? నర్సమ్మ పోయి మళ్లీ పాత కోడలే మిగులుతుంది. ఆ తియ్యటి మాటలు బంద్. ఛీ, ఇదేం ఆలోచన అని హరితకు తన మీద తనకే అసహ్యం వేసింది.

లోపలికి పోయే ముందు వసంతమ్మ కమ్మలూ ముక్కుపుడకా తీసి హరిత చేతిలో పెట్టింది. “బద్రం నర్సమ్మా. మా కోడలొస్తే ఇచ్చేయ్, అవి దానికే.” తర్వాత డాక్టరు వైపు తిరిగి, “ఈయమ్మను బయటే కూర్సోబెట్టండి,” అని మరీ చెప్పింది.

తలుపు పడింది. కాసేపటికి శాలిని పక్కగదిలోంచి చెయ్యి ఊపింది. “రండి, అద్దంలోంచి చూడొచ్చు. మీరిక్కడున్నట్టు ఆమెకు తెలీదులే.”

మిషను దడదడమంటోంది. కంప్యూటర్ ముందు మిషను నడిపే గిరిబాబు కూర్చుని ఉన్నాడు. తెర మీద అత్త తల, బూడిద రంగులో. కమ్మలు పిడికిట్లో పట్టుకుని హరిత కళ్లు మూసుకుంది. స్వామీ, పొద్దున లేస్తే తిట్టినా సరే, ఆమెకు నన్ను గుర్తుకు తెప్పియ్యి. ఈ నాలుగు మాటలు నాకీ జన్మకు చాలు.

మిషను ఆగింది. గిరిబాబు వెనక ఎవరున్నారో చూడకుండానే మైకు నొక్కాడు.

“అయిపోయిందవ్వా. నీ తోడు ఎవరొచ్చినారు? పిలుస్తా.”

స్పీకర్లో వసంతమ్మ గొంతు గుసగుసగా వినిపించింది.

“మా కోడలు హరితేనప్పా. నాకు మరుపు లేదని మాత్రం దానికి సెప్పొద్దు.”