ఆవకాయ సీసాకి గొంతు

"సీసాకి అంత తియ్యటి గొంతెందుకే సుగుణా? అది ఆవకాయ, పూతరేకు కాదు." పొద్దుటి నుంచి రత్తమ్మది అదే గొడవ.

"అన్ని సీసాలూ అలాగే మాట్లాడుతున్నాయత్తయ్యా. మనవే మూగగా కూర్చుని అమ్ముడుపోవడం లేదు. ఇదీ కుదరకపోతే కొట్టు మూసుకోవడమే," అంది కోడలు.

కొన్నవాళ్ల మనసు కనిపెట్టి సరుకులే పలకరిస్తున్న రోజులవి. సుగుణ భర్త శివాజీ జ్వరంతో నీరసించి కంచం ముందు కూర్చోగానే కొత్త సీసా అతని నీరసం పసిగట్టింది.

"అలసిపోయారు కదూ? నేనున్నానుగా. రెండు ముద్దలు కలుపుకోండి," అని బుజ్జగించింది. అతను మూత తీయబోయాడు.

రత్తమ్మ సీసా లాగేసుకుని దాన్నే కసిరింది. "జ్వరంలో ఉన్నవాణ్ణి ఆవకాయ తినమంటావా, సిగ్గులేదూ? ఒరేయ్, చారన్నం తిను. ఒళ్లు చల్లబడ్డాక దీని సంగతి చూద్దువుగాని."

శివాజీ నవ్వాడు. జ్వరం వచ్చాక మొదటిసారి కంచం ఖాళీ చేశాడు. సుగుణ ఆ ఖాళీ కంచం తీస్తూ ఆలోచనలో పడింది. 'ఈ పూటకి నన్ను ముట్టుకోవద్దు' అని చెప్పే సీసాని ఆమె ఇంతవరకూ ఎక్కడా చూడలేదు.

సాయంత్రం అందరికీ టీ అందిస్తూ మెల్లగా చెప్పింది.

"రేపటి నుంచి మన సీసాలకి అత్తయ్య గొంతే. తిట్లతో సహా."