ముళ్ళ గీతలు

"ఈ డొక్కు మెషిన్‌తో నా తల ప్రాణం తోకకొస్తోందయ్యా! వస్తావా, రావా?" టెక్నీషియన్ ఫోన్‌లో మెకానిక్ మీద విరుచుకుపడ్డాడు.

ఆసుపత్రిలో మెదడు పరీక్షల గది ఆయనది. రోగి తలకి జిగురు పూసి వైర్లు అంటిస్తే, మెదడులోని కరెంటు తెర మీద గీతలుగా కనిపిస్తుంది. గీతలు మెత్తటి అలల్లా సాగితే క్షేమం. ముళ్ళలా పొడుచుకొస్తే జబ్బు.

రోజూ మొదటి రోగి రాకముందే, జబ్బులేని తల ఒకదానికి వైర్లు పెట్టి మెషిన్ సరిచూడటం ఆ గదిలో ఆనవాయితీ. వారం నుంచీ ఆ తలకీ ముళ్ళే! ఇక దాన్ని నమ్మి ఎవరికని రిపోర్టు ఇస్తాడు?

అసలే ఇంటి దగ్గర్నుంచే చిరాకు. పొద్దున కాఫీ చొక్కా మీద ఒలికింది. "అంచులదాకా పోయొద్దంటే వినవు కదా!" అని భార్య మీద ఎగిరాడు. "పోసిందే సగం కప్పండీ," అందావిడ. ఆ మాటకి ఇంకా ఒళ్ళు మండింది. అదే విసురులో కూతుర్ని స్కూటర్ మీద బడి దగ్గర దించి వచ్చాడు.

"ఇవాళైనా చేస్తారా సార్?" గుమ్మంలో ఒక తల్లి, పక్కన కాలేజీ చదివే కూతురు. "పొద్దున లేస్తే చాలు, దీని చేతులు ఉలిక్కిపడ్డట్టు ఎగురుతాయి. దువ్వెన ఒకచోట, గ్లాసు ఇంకోచోట. పొగరనుకుని కొట్టాను కూడా."

"పొగరు కాదమ్మా. మెదడు ఉన్నట్టుండి అతిగా రేగి కరెంటు వదిలేస్తుంది. దాంతో కండ దానంతటదే ఎగిరిపడుతుంది. మందులున్నాయి, భయం లేదు. రిపోర్టు వచ్చేదాకా బండి మాత్రం నడపనివ్వకండి. వెనక కూర్చున్నవాళ్ళకీ ముప్పే."

మెకానిక్ వచ్చాడు. మెషిన్ విప్పాడు, ప్రతి వైరూ లాగి చూశాడు, మళ్ళీ బిగించాడు.

"నిక్షేపంలా ఉంది సార్."

"ఏం నిక్షేపం! గుండ్రాయిలాంటి మనిషికి ముళ్ళు చూపిస్తుంటే!"

"ఆడలేక మద్దెల ఓడట," గొణుక్కుంటూ మెకానిక్ కుర్చీలో కూర్చున్నాడు. "నాకు పెట్టి చూడండి."

టెక్నీషియన్ విసుక్కుంటూనే వైర్లు అంటించాడు. తెర మీద మెత్తటి అలలు. ఎంతసేపు చూసినా అలలే.

"చూశారుగా! ఇంతకీ వారం నుంచీ మీరు సరిచూస్తున్న ఆ జబ్బులేని తల ఎవరిది సార్?"

టెక్నీషియన్ తన జుట్టులో ఇంకా వదలని పొద్దుటి జిగురును తడుముకుంటూ, కూతుర్ని బడికి దింపే స్కూటర్ తాళం జేబులోంచి తీసి బల్ల మీద పెట్టేశాడు.