రాతిగదుల మీద వాదన

“ఇవి సమాధులే,” అంటాడు ఆయన. “కాదు, ధాన్యపు కొట్లు,” అంటుంది ఆవిడ. తవ్వకాల్లో కలిసి పనిచేసే ఆ భార్యాభర్తలకు ఆ పాత రాతిగదుల మీద పదహారేళ్లుగా ఇదే పోట్లాట.

ఆ ఉదయం ఆవిడ ఒక గదిలో కూర్చుని నేల మీది మట్టిని బ్రష్షుతో దులుపుతోంది. ఆయన బయట ఫోన్ మాట్లాడి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

“గోడకు గాలి కన్నాలున్నాయి చూడండి. శవానికి గాలెందుకు?” అంది ఆవిడ.

“నిజమే. నువ్వన్నట్టు కొట్లే.”

ఇన్నేళ్లలో ఒక్కసారీ ఒప్పుకున్న మనిషి కాడు. గెలిచినందుకు ఆవిడకు సంతోషమూ కలగలేదు, ఆయన ఎందుకు ఒప్పుకున్నాడో తట్టినా కంగారూ పుట్టలేదు.

“ఆస్పత్రి వాళ్లేనా ఫోన్ చేసింది? నా రిపోర్టు వచ్చిందా?”

ఆయన తలూపాడు.

“ఎన్నాళ్లన్నారు?”

“వానలు మొదలయ్యేదాకా.”

“అయితే ఈ గది పూర్తవుతుంది,” అని ఆవిడ మళ్లీ మట్టి దులపసాగింది.