మొదటి బోనం

ఈ ఏడు మొదటి బోనం రత్నాబాయికి ఇవ్వరట. నల్లా దగ్గర శాంతాబాయి అన్నదట. ఆమెకు కిష్టయ్య పెండ్లామే చెప్పిందట. చంకలో బిందె దించకుండానే పొరుగింటి సాయమ్మ ఈ మాట మోసుకొచ్చి రత్న గుమ్మంలో పడేసింది.

"పనిలేనోళ్ల ముచ్చట్లు. నీ బిందె కారుతుంది చూసుకో," అని నవ్వింది రత్న. కొత్త కుండకు సున్నం పూస్తోంది.

ఎనభై అయిదు నాటి సంగతి. రత్న హిజ్రా. పాలమూరు పల్లె నుంచి చిన్నప్పుడే పారిపోయి వచ్చి, బొంబాయి కామాటిపురలో, తెలుగువాళ్లుండే ఇరుకు గదుల చాళ్ల పక్క గల్లీలో ఉంటోంది. గ్రాంట్ రోడ్ దుకాణాల ముందు చప్పట్లు కొట్టి బతుకుతుంది. ఆమె ఎదురైతే చాల్ తల్లులు పిల్లల్ని పక్కకు లాక్కుంటారు.

ఆషాఢంలో ఒక్క రోజు మాత్రం వేరు.

ఆ రోజు చాల్ బోనాలన్నిటికీ ముందు రత్న బోనం కదులుతుంది. పట్టపగలు, నడిరోడ్డు మీద, పసుపు చీరలో. ఆ తల్లులే వంగి ఆమె పాదాల మీద నీళ్లు పోస్తారు. "రత్నక్కా, జర నిలబడు" అంటారు.

అక్కా అన్న ఆ పిలుపుతోనే ఆమెకు ఏడాది గడిచిపోతుంది.

నవ్వింది గాని మనసు ఊరుకోలేదు. చాల్ పెద్దమనిషి కిష్టయ్య దగ్గరికి పోయింది. ఆయన లోపలికి రమ్మనలేదు. మెట్ల మీదే నిలబెట్టాడు.

"ఊరికెల్లి వియ్యాలవారు వస్తుండ్రు రత్నా. మన బోనాలు మొదటిసారి చూస్తరు. ముంగట నువ్వుంటె ఏమనుకుంటరు చెప్పు?"

"నీ కోడలు యాదమ్మనే ముంగట పెట్టుకో అన్నా. నేను ఆఖరున నడుస్త."

"వద్దు. మీ ఇంట్లనే మొక్కుకో. ఇంట్లయితె అమ్మవారు కాదా?"

"ఇంట్ల నన్ను ఎవరు చూస్తరు?"

"అదే చెప్తున్న. ఎవరూ చూడొద్దు."

రత్న మెట్లు దిగింది.

ఆదివారం డప్పు మోగింది. యాదమ్మ ముందు, వెనుక చాల్ ఆడవాళ్లు. వేపమండలు, దీపాలు, సన్నటి వాన.

గల్లీ మూల తిరిగారో లేదో, సానికొంపల బేరాలకు వచ్చిన మగవాళ్ల గుంపు అడ్డం పడింది. ఆ రోడ్డు మీద కనబడే ఏ ఆడమనిషైనా వాళ్లకు ఒకటే.

"కిత్నా?" అని రేటు అడిగాడొకడు.

ఇంకొకడు యాదమ్మ నడుం గిల్లాడు.

రెండు చేతులూ బోనం మీద ఉన్నాయి. విదిలించుకునే చెయ్యి లేదు. చాల్ మగవాళ్లు అరిచారు. ఒకణ్ణి నెడితే ఇంకొకడు వచ్చాడు. వెనకనున్న ఆడవాళ్ల కొంగులు కూడా లాగింది ఆ గుంపు.

డప్పు ఆగిపోయింది. బోనాలు చాల్‌కే తిరిగొచ్చాయి. యాదమ్మ గోడకు ఆనుకుని ఏడుస్తోంది.

"మా పిల్లనిచ్చింది ఈ బజారుకా బావా?" అన్నాడు వియ్యంకుడు.

కిష్టయ్య ఆ మాట పూర్తిగా వినలేదు. ఇద్దరు పెద్దమనుషుల్ని వెంటేసుకుని పక్క గల్లీకి ఉరికాడు.

రత్న గుమ్మంలోనే ఉంది. కట్టుకున్న పసుపు చీర ఇంకా విప్పలేదు.

"రత్నా, లే. జల్ది. ముంగట నడువాలె."

ఆమె మొహం ఒక్కసారి వెలిగింది. "కుండ కడుక్కొని వస్త అన్నా. ఎంతసేపు."

"కుండ వద్దు. బోనం యాదమ్మ నెత్తిమీదనే ఉంటది. నువ్వు ఉత్తగనే ముంగట నడువు."

"ఉత్తగ ఎందుకు?"

కిష్టయ్య తొందరలో ఉన్నాడు. మాటను చూసుకోలేదు.

"తెల్వనట్టు అడుగుతవేంది. ఏటా ఆ మూల కాడ వాళ్ల చేతులు నీ మీద పడుతుండె. మనోళ్లు ఎనక నిమ్మళంగ దాటిపోతుండిరి."

రత్న చెయ్యి నడుం మీదికి పోయింది.

ఏటా నడుం మీద తేలే ఆ నల్లమచ్చల్ని ఆమె ఎవరికీ చూపలేదు. ఎవరితోనన్నా చెప్తే వచ్చే ఏడు బోనం ఇవ్వరేమోనని భయం. బోనం తొణకకుండా, మొహాన నవ్వు చెదరకుండా ఆ మూల దాటేది. ఎవరూ చూడలేదనే అనుకునేది.

"చూస్తనే ఉన్నవా నువ్వు? ఇన్నేండ్లు?"

కిష్టయ్య పక్కవాళ్ల వంక చూశాడు. పక్కవాళ్లు గోడ వంక చూశారు.

"ఆడమనిషినని బోనం ఇచ్చిండ్రనుకున్న కిష్టన్నా. మీ ఆడోళ్లకు అడ్డం తడక కట్టుకున్నరన్నట్టు."